ప్రమదము – ప్రమాదము : మనోవ్యాధికథల పఠనవిచారము

ఇటీవలి కాలమున యువజనులు విశేషముగాఁ జదువుచున్న నవలలలో నొక జాతి ప్రత్యేకముగా గణింపఁదగినది. వీనియందు నాయికానాయకులు పదునాఱు పదునెనిమిది యేండ్ల ప్రాయమువారు. వారి యనురాగమే కథ. కాని యా యనురాగమునకు విఘ్నము కలిగించునది కులభేదము గాదు, ధనభేదము గాదు, గురుజనుల యనంగీకారమును గాదు. వారి మనస్సునందే పుట్టిన వ్యాధి. ఒకరికి తీఱని క్రుంగుబాటు, ఒకరికి విడువని శంక, ఒకరికి బాల్యమునఁ దగిలిన గాయముయొక్క స్మృతి. ఇట్టి గ్రంథములు మొదట నాంగ్లభాషయందు, విశేషించి యమెరికాదేశమున వెలువడినను, ఆంగ్లము నేర్చిన తెలుఁగు బాలబాలికలును వీనిని జదువుచున్నారు.

వీనిని గుఱించి లోకమున రెండభిప్రాయములు వినఁబడుచున్నవి. పెద్దలు పలువురు "ఏడ్చుటకై పుస్తకము కొనుట యెక్కడి బుద్ధి? దుఃఖకథలను జదివి లేఁతమనస్సులు దుఃఖమునే యలవాటు చేసికొనును, కావున వీనిని దూరముగా నుంచవలెను" అందురు. చదువరులైన పిల్లలు "మా లోపలి బాధకు మాటలు లేక యుంటిమి, ఈ పుస్తకములు మాకు మాటలిచ్చినవి" అందురు. మొదటి పక్షము నిరాధారము గాదు. రెండవదియు నసత్యము గాదు. ఒకే గ్రంథము ఒకనికి మందును మఱియొకనికి విషమును నగుటకుఁ గారణమేమి? దీనికి సమాధానము దొరకనిచోఁ బెద్దలు నిషేధించుచునే యుందురు, పిల్లలు దాఁచి చదువుచునే యుందురు. దాఁచి చదివినదానివలన మనస్సు కలఁగినప్పుడు చెప్పుకొనుటకు మనుష్యుఁ డుండఁడు. కావున నీ విచారము కేవలము శాస్త్రవినోదము గాదు.

ముందుగా శబ్దార్థములు నిర్ణయింపఁదగినవి. 'నవల' యను పేరు తెలుఁగునకుఁ గాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు చేసిన యుపకారము. 1878లో వెలువడ నారంభించిన రాజశేఖరచరిత్రమును గందుకూరి వీరేశలింగము పంతులుగారు వచనప్రబంధమనియే వ్యవహరించిరి. శాస్త్రిగారు దానిని విమర్శించుచు, ఆంగ్లశబ్దముతో ధ్వనిసామ్యము గలుగునట్లును, 'లా' ధాతువునకు గ్రహించుట యర్థము గావున నూతనవిశేషములను గ్రహించునది యను వ్యుత్పత్తి పొసఁగునట్లును 'నవల' యనిరి. ఈ వ్యుత్పత్తినిఁ బట్టి చూచినచో, ఇదివఱకుఁ గావ్యముల కెక్కని చిత్తవిశేషములను గ్రహించుట నవలకు స్వధర్మమే కాని దోషము గాదు.

ఇఁక 'ఉన్మాద' శబ్దము. ఇది హర్షార్థకమైన 'మద' ధాతువునుండి పుట్టినది. ఉపసర్గము లేనప్పుడు పాణిని యీ ధాతువునకు 'అప్' ప్రత్యయమును విధించెను (3-3-67). అందుచే 'మదము' సిద్ధించును. ఉపసర్గ మున్నచో 'ఘఞ్' వచ్చి వృద్ధి కలుగును. అందుచే 'ఉన్మాదము', 'ప్రమాదము' అను రూపములు. అయినను దరువాతి సూత్రమున (3-3-68) హర్షమే యర్థమైనప్పుడు 'ప్రమద', 'సమ్మద' శబ్దములు నిపాతితములైనవి. కావున సంతోషమైనచోఁ బ్రమదము, ఏమఱుపాటైనచోఁ బ్రమాదము. ధాతు వొక్కటే, ఉపసర్గ మొక్కటే. భేదము ఒక్క మాత్ర. ప్రకృతవిషయమంతయు నీ యొక్క మాత్రలో నున్నది.

'విషాద' శబ్దమునకు మూలమైన 'సద' ధాతువునకు విశీర్ణమగుట, పోవుట, క్రుంగుట యని మూఁ డర్థములు. నేఁటి వైద్యులు డిప్రెషన్ అను వ్యాధిని దెలుఁగువారు కుంగుబాటనుచున్నారు. ధాత్వర్థమే మరల దేశిశబ్దముగా వచ్చినది. కాని నాఁటి విషాదమును, నేఁటి వ్యాధియు నొక్కటి గావు. కోరినది జరగనప్పుడు కలుగు మనోభంగము విషాదము. అది కొంతకాలమునకుఁ దానే తొలఁగును. వ్యాధి యట్లు గాదు. రెండు వారములకుఁ దక్కువ గాకుండ దినమంతయు మనస్సు క్రుంగియుండుట, ఇష్టమైనవానియందు రుచి పోవుట, నిద్రాహారములు చెడుట, తాను నిరర్థకుఁడనని తోఁచుట మున్నగు లక్షణములు గూడియున్నప్పుడే వైద్యులు దానిని వ్యాధిగా నిర్ణయింతురు. ఈ భేదము తెలియనివారు సామాన్యదుఃఖమును వ్యాధియని వెఱతురు. లేదా వ్యాధిని సామాన్యదుఃఖమని యుపేక్షింతురు. రెండవ పొరపాటు మొదటిదానికంటె నపాయకరము.

అలంకారశాస్త్రమున నీ భావముల స్థానమేదో చూడవలెను. భరతముని చెప్పిన ముప్పదిమూఁడు వ్యభిచారిభావములలో నిర్వేదము, గ్లాని, చింత, విషాదము, అపస్మారము, వ్యాధి, ఉన్మాదము, మరణము చేరియున్నవి. వ్యభిచారి యనఁగా స్థిరముగా నుండక వచ్చిపోవునది. నీటిపై దరఁగవలె స్థాయిభావముపై లేచి దానియందే యడఁగునది. శృంగారమున రతి గృహస్థు, ఉన్మాద మతిథి. కామావస్థలు పదింటిలోఁ గూడ నభిలాషము మొదలుకొని లెక్కింపఁగా నున్మాద మేడవది, మరణము పదియవది. అనఁగాఁ బూర్వకవులు చిత్తవిభ్రమమును రతికి సోపానముగాఁ జూచిరేకాని స్వతంత్రవస్తువుగాఁ జూడలేదు.

ఉదాహరణమునకు విక్రమోర్వశీయము నాలుగవ యంకము చాలును. ఊర్వశి లతగా మాఱి కనఁబడకపోఁగాఁ బురూరవుఁ డున్మత్తుఁడై వనమున నెమలిని, కోకిలను, ఏనుఁగును, పర్వతమును బ్రియురాలి జాడ యడుగుచుఁ దిరుగును. సంగమనీయమణి చేతికి వచ్చి, లత మరల నూర్వశియైన క్షణముననే యతని విభ్రమము తొలఁగును. కాదంబరియందుఁ బుండరీకుఁడు విరహమునకుఁ దాళలేక ప్రాణములు విడుచును. అయినను గథాంతమున మహాశ్వేతకు మరల లభించును. ఈ సంప్రదాయమున వ్యాధికిఁ గారణ మొక్కటే, వియోగము. చికిత్సయు నొక్కటే, సమాగమము. కావ్యమున నిది దోషము గాదు. అక్కడ నున్మాదము రతియొక్క గాఢతను దెలుపు చిహ్నమే కాని రోగవర్ణనము గాదు.

వైద్యశాస్త్రకారు లీ భ్రాంతిలోఁ బడలేదు. చరకసంహితయం దున్మాదమునకు నిదానస్థానమున నొక యధ్యాయము, చికిత్సితస్థానమున నొక యధ్యాయము గలవు. అందు మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానము, స్మృతి, భక్తి, శీలము, చేష్ట, ఆచారము అను నెనిమిదింటి విభ్రమమే యున్మాదమని లక్షణము చెప్పఁబడినది. కామము, శోకము, భయము మున్నగునవి కారణములలోఁ గొన్ని మాత్రమే. చికిత్సలో నౌషధముతోఁ బాటు స్నేహితుని యోదార్పుమాటలకును స్థానము గలదు. మానసదోషములకు జ్ఞానము, విజ్ఞానము, ధైర్యము, స్మృతి, సమాధి యుపశమనములని సూత్రస్థానమునఁ జెప్పఁబడినది. ప్రియసమాగమ మొక్కటియే సర్వోన్మాదహరమని వైద్యుఁ డెన్నఁడును జెప్పలేదు. కావున గావ్యోన్మాదము వేఱు, వైద్యోన్మాదము వేఱు.

ఈ రెంటి సాంకర్యమే నేఁటి యధమశ్రేణి ప్రేమనవలల ప్రధానదోషము. రోగమును వైద్యునివద్దనుండి గ్రహించి, చికిత్సను మాత్రము కావ్యసంప్రదాయమునుండి గ్రహించుట వానియందుఁ గానఁబడును. కుంగుబాటుతో మంచము విడువని బాలిక సుందరుఁడగు యువకుని చూపుతో లేచి కూర్చుండును. చివరిపుట నాఁటికి వ్యాధి యుండదు. దీనివలన రెండపాయములు. వ్యాధిగ్రస్తులు వైద్యుని వెదకుట మాని ప్రియుని రాకకై వేచియుందురు. వ్యాధిగ్రస్తులను బ్రేమించువారు తమ ప్రేమచే వ్యాధి మానకపోయినచో నా ప్రేమయే కొఱఁతపడినదని తమ్ముఁ దాము నిందించుకొందురు. ఈ రెండవ యపాయమును గుఱించి చెప్పువారు తక్కువ, అనుభవించువారు పెక్కురు.

తెలుఁగుదేశమున నీ సాంకర్యమునకు దృష్టాంతము దూరము పోనక్కఱలేదు. శరత్‌చంద్ర చట్టోపాధ్యాయుని దేవదాసు వంగభాషలో 1917లోఁ బ్రకటితమైనది. 1953లోఁ దెలుఁగున వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమునఁ జలనచిత్రమై, అక్కినేని నాగేశ్వరరావుగారి నటనచే నింటింటి కథ యైనది. నాఁటినుండి యా పేరు వ్యక్తివాచకముగా నిలువక జాతివాచకమైనది. ప్రేమ విఫలమై తనను దాను పాడుచేసికొను యువకుని "దేవదాసైనాఁడు" అనుట లోకమున నున్నదే. ఈ మాటలోఁ గొంత జాలి, కొంత పరిహాసము, కొంత మెప్పుకూడఁ గలవు. చికిత్స కావలెనను నూహ మాత్రము లేదు. మద్యమునకు వశుఁడై క్షీణించువానిని గాఢప్రేమికుఁడని మెచ్చుకొను లోకమున, వానిని రోగియని గుర్తించి చేయూఁత నిచ్చువారు తక్కువయగుట యాశ్చర్యము గాదు.

ఉత్తమశ్రేణి నవలలు సరిగా నీ స్థానముననే సంప్రదాయమును దాఁటుచున్నవి. మూఁటిని బరిశీలించిన విషయము స్పష్టమగును.

మొదటిది స్టీఫెన్ చ్‌బాస్కీ రచించిన 'ది పెర్క్స్ ఆఫ్ బీయింగ్ ఎ వాల్‌ఫ్లవర్' (1999). చార్లీ యను బాలుఁడు పేరు తెలియని మిత్రునకు వ్రాసిన లేఖలే యీ గ్రంథము. అతఁడు సామ్ అను యువతిని బ్రేమించును. సాధారణకథయందైన నామె యనుగ్రహముతోఁ గథ ముగియవలెను. ఇక్కడ నట్లు గాదు. ఆమె సన్నిహితయైన సమయముననే, బాల్యమునఁ దన పినతల్లివలనఁ గలిగిన గాయముయొక్క స్మృతి పైకి వచ్చి యతఁ డాసుపత్రిలోఁ జేరును. సమాగమము రోగమును మాన్పలేదు. మఱుఁగున నున్నదానిని బయలుపఱచినది. మాన్పుటకు వైద్యులు, బంధువులు, మిత్రులు, కాలము కావలసివచ్చెను.

రెండవది జెన్నిఫర్ నివెన్ రచించిన 'ఆల్ ది బ్రైట్ ప్లేసెస్' (2015). ఇండియానా రాష్ట్రమున వైలెట్, ఫించ్ అను విద్యార్థులు పాఠశాల గంటగోపురముపై, ఇద్దఱును బ్రాణములపై విరక్తితో నున్న వేళఁ గలిసికొందురు. అక్కను గోల్పోయిన వైలెట్ శోకము ఫించ్ స్నేహముచేఁ గ్రమముగాఁ దగ్గును. ఫించ్ వ్యాధి మాత్రము తగ్గదు, అతఁడు దక్కఁడు. ఒకే ప్రేమ యొకరి శోకమును దీర్చి, మఱియొకరి వ్యాధిని దీర్పలేకపోవుట యీ కథయందలి సారము. శోకము వేఱు, వ్యాధి వేఱను పైభేదమునకు నింతకంటె స్పష్టమైన యుదాహరణము దుర్లభము. అయినను నాయకుని విలక్షణచేష్టలను మనోహరముగా వర్ణించుటచే, ఆ చేష్టలే రోగలక్షణములని యెఱుఁగని పాఠకులు వానిని గుణములుగా మెచ్చుకొను ప్రమాద మిందుఁ గలదు.

మూఁడవది జాన్ గ్రీన్ రచించిన 'టర్టిల్స్ ఆల్ ది వే డౌన్' (2017). ఇండియానాపొలిస్ నగరమున నేజా హోమ్స్ అను పదునాఱేండ్ల బాలిక తన శరీరమున సూక్ష్మజీవులు చేరి చంపునను శంకతో బాధపడును. అది యట్టిది గాదని తెలియును. తెలిసియు శంక విడువదు. వైద్యులు దీనిని నిర్బంధచింతావ్యాధిగాఁ జెప్పుదురు. గ్రంథకర్త తానును నీ వ్యాధిననుభవించువాఁడనని బహిరంగముగాఁ జెప్పియున్నాఁడు. డేవిస్ అను బాలుని ప్రేమ యామెకు నిజమైనదే. కాని ముద్దు పెట్టుకొనుటయే శంకకుఁ గారణమగుచుండఁగాఁ బ్రేమ చికిత్స యెట్లగును? వా రిరువురును విడిపోవుదురు. వ్యాధి పూర్తిగా మానదు. అయినను నామె బ్రదుకును, చదువును, ప్రేమించును, ప్రేమింపఁబడును అని కథ ముగియును. మణి దొరకినంతనే తొలఁగిన పురూరవుని యున్మాదమునకును, జీవితకాలము వెంట నుండు నేజా వ్యాధికిని నడుమ నున్న దూరమే ప్రాచీనకావ్యమునకు నీ నవలకును గల దూరము.

ఇఁక మరణవర్ణనము. కథచేఁ బ్రాణహాని కలుగునను భయము నేఁటిది గాదు. జర్మనుకవి గోథే యిరువదియైదేండ్ల ప్రాయమున 1774లోఁ బ్రకటించిన వెర్టెరు కథయందు విఫలప్రేముఁడైన నాయకుఁడు ప్రాణత్యాగము చేసికొనును. ఐరోపా యువకులు వానివలె నీలిచొక్కాయు, పసుపుపచ్చని లోపలిచొక్కాయు ధరించిరి. కొందఱు వానివలెఁ బ్రాణములు విడుతురేమోయను భయముచే లీప్‌జిగ్ నగరమున 1775లో నా గ్రంథము నిషేధింపఁబడెను. ఆ సంవత్సరమే వెలువడిన రెండవ ముద్రణమున గోథే నాయకుని మార్గము ననుసరింపవలదని పాఠకునిఁ బద్యరూపమున హెచ్చరించెను. తరువాత రెండు వందల యేండ్లకు, 1974లో, డేవిడ్ ఫిలిప్స్ అను సమాజశాస్త్రజ్ఞుఁడు పత్రికల మొదటిపుటలో నాత్మహత్యావార్తలు ప్రముఖముగాఁ బ్రకటింపఁబడిన పిమ్మట నట్టి మరణములు పెరుగుచున్నవని లెక్కలతోఁ జూపి, దానికి వెర్టెరు ప్రభావమని పేరిడెను.

దీనికిఁ బ్రతిపక్షమును గలదు. 2010లో నాస్ట్రియాదేశపు పరిశోధకులు, సంకటమునఁ బడియు దానిని దాఁటి బ్రదికినవారి వృత్తాంతములు ప్రకటింపఁబడినప్పుడు మరణములు తగ్గుట కనుఁగొని దానికిఁ బాపగేనో ప్రభావమని పేరు పెట్టిరి. మొజార్టు 1791లో రచించిన సంగీతనాటకమునఁ బాపగేనో ప్రాణత్యాగమునకు సిద్ధపడఁగా ముగ్గురు బాలురు వచ్చి వేఱొక యుపాయమును జ్ఞప్తికిఁ దెత్తురు. చరకుఁడు చెప్పిన సుహృత్తు చేయు పనియు నిదియే. కావున విచారింపవలసినది దుఃఖమును వర్ణించెనా లేదా యని గాదు. దుఃఖమునుండి త్రోవ చూపెనా, మరణమునే త్రోవగాఁ జూపెనా యని.

రంగమున మరణమును బ్రత్యక్షముగాఁ జూపరాదనియు, ప్రధాననాయకుని వధను సూచనగానైనఁ జెప్పరాదనియు నాట్యశాస్త్రకారులు నియమించిరి. దీనిని గొందఱు మంగళాంతప్రియత్వమని తేలికచేయుదురు. కాని 2007లో వెలువడిన జే ఆషర్ నవల 'థర్టీన్ రీజన్స్ వై' 2017లో నెట్‌ఫ్లిక్స్ సంస్థవారిచే ధారావాహికచిత్రమైనప్పుడు, నాయిక మరణమును విస్తరించి చూపిన దృశ్యము వైద్యుల విమర్శకు గుఱియై, 2019లో నా సంస్థచేతనే తొలఁగింపఁబడెను. ప్రాచీనుల నియమమున లోకహితదృష్టి గలదనుటకు నిది తగిన సాక్ష్యము. ఇంతకును నా కథయందలి గాఢతరదోషము వేఱొకటి: మరణించిన బాలిక తన మాటలచే బ్రదికియున్నవారిని శిక్షించుచున్నట్లు చూపుట. మరణము వాదమున గెలుచుట కుపాయము గాదు. మృతులకు వినువా రుందురు గాని, వారు వినలేరు.

ఒకే గ్రంథము ఒకనికి మందు, మఱియొకనికి విషమగుటకుఁ గారణ మిప్పుడు చెప్పవచ్చును. శోకకథవలన సుఖమెట్లు గలుగునను ప్రశ్నకు భట్టనాయకుఁడు సాధారణీకరణమను సమాధానము చెప్పెను. కావ్యమునందలి శోకము రామునిదిగాఁ గాని, చదువరిదిగాఁ గాని, మఱియొకనిదిగాఁ గాని తోఁపక సర్వసాధారణమై యాస్వాదింపఁబడును. అభినవగుప్తుఁ డీ యాస్వాదమునకుఁ గల యేడు విఘ్నములను బేర్కొనెను. అందొకటి, చదువరి తన సుఖదుఃఖములకుఁ దానే వివశుఁడై యుండుట. సొంతశోకమున మునిఁగినవానికిఁ గావ్యశోకము సాధారణము గాఁజాలదు. అది వాని శోకముతోఁ గలసి దానినే పెంచును. కావున స్వస్థుఁడు చదివినచో రసము, అస్వస్థుఁడు చదివినచో విఘ్నము. దోషము గ్రంథమునది మాత్రమే కాదు, చదువువానిది మాత్రమే కాదు, కాలమునది.

అట్లైన వ్యాధిగ్రస్తులకు నీ నవలలు సర్వథా నిషిద్ధములా? కావు. రసాస్వాదము లేకపోయినను వారికి వేఱొక ప్రయోజనము గలదు: నామకరణము. శబ్దమను వెలుఁగు లేనిచో లోకమంతయుఁ జీఁకటి యని దండి చెప్పిన మాట యిక్కడ నక్షరాల వర్తించును. పేరు లేని బాధ పాపమనియు, సోమరితనమనియు, దయ్యమనియుఁ దోఁచును. పేరు గల బాధ చికిత్స గల వ్యాధి యగును. ఏజా వంటి బాలికను గ్రంథమునఁ జూచినవాఁడు "ఇది నా యొక్కనికే కాదు" అని గ్రహించి, ఇంటివారితో నొక్కమాట చెప్పఁగలిగినచో నా నవల రసము నీయకపోయినను బ్రాణమునకు సాయపడినది. అయితే పేరు తెలిసికొనుట చికిత్సకుఁ బీఠికయే కాని చికిత్స గాదు. నవలలోని లక్షణములను దనకుఁ దానే యారోపించుకొని రోగనిర్ణయము చేసికొనుట వ్యాకరణము చదువక ప్రయోగమును సాధించుట వంటిది.

ఇందువలనఁ దేలిన నియమములు నాలుగు. చదువువారు కథయందు వ్యాధి యెవరివలన నెట్లు తగ్గినదో పరిశీలింపవలెను. ప్రేమచేతనే తగ్గినదని చెప్పిన గ్రంథమును గావ్యముగాఁ జదువవచ్చునే కాని ప్రమాణముగా గ్రహింపరాదు. చదివిన పిమ్మట మనస్సు తేలికపడినచోఁ జదువవచ్చును. దినముల తరబడి మఱింత క్రుంగినచోఁ బుస్తకమును మూసి మనుష్యుని వెదకవలెను. పెద్దలు పుస్తకమును లాగికొనుటకు మాఱు తామును జదివి, "ఇందు నీకు నచ్చిన దేమి?" యని యడుగవలెను, ఆ ప్రశ్న పలువురకు నోరు తెఱపించును. నాలుగవది, చావు తలఁపు వచ్చినచో నది కథగాఁ జర్చింపవలసినది గాదు, ఆలస్యము లేక సాయ మడుగవలసినది. భారతప్రభుత్వము 2022 అక్టోబరులో నారంభించిన టెలి-మానస్ సహాయవాణి 14416 అను సంఖ్యకు దూరవాణి చేసినచో నేవేళనైనను దెలుఁగునందును మాటలాడువారు దొరకుదురు. చరకుఁడు కోరిన సుహృత్తు నింటఁ గానరానప్పుడు బయటనైన నొకఁడుండుట మేలు.

దుఃఖకథను జదివి కంట నీరు పెట్టుకొనుట బలహీనత గాదు. కరుణరసమున కదియే యనుభావము. ఆ కన్నీరు పుస్తకము మూయఁగానే యారి, చదువరి ప్రక్కనున్నవానిని మునుపటికంటె దయతోఁ జూచినచో నది ప్రమదము. ఆ కన్నీరే యారక, లోకమంతయుఁ దనవలెఁ జీఁకటియైనదని తోఁచినచో నది ప్రమాదము. నడుమ నున్నది యొక్క మాత్ర. ఆ మాత్రను గనిపెట్టువా రింట నొక్కరైన నున్నచో, పిల్లల చేతిలోని పుస్తకమును జూచి వెఱవనక్కఱలేదు.